పైకి వినబడాలని వేసిన కేక

మొన్న మా అపార్ట్‌మెంటులో పాత సామానంతా గేటు పక్కన పోగేస్తుంటే, ఎవరి అటక మీద నుంచి దిగిందో, వెనక డొప్ప విరిగి లోపలి గాజు ట్యూబు బయటపడ్డ పాత కంప్యూటర్ మానిటర్ ఒకటి ఆ పోగులో కనిపించింది. దాన్ని తడిమి చూస్తున్న పిల్లల్ని బాల్కనీలోంచి ఎంత గట్టిగా కేకలేశానంటే, వాళ్లు బెదిరిపోయి చేతులు వెనక్కి లాక్కున్నారు, మా వాచ్‌మన్ ఏదో పాము కనబడిందనుకుని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఏళ్ల తరబడి మూలపడి ఉన్న డబ్బాలో ఏ ప్రమాదమూ ఉండదని నాకు తెలుసు, ఆ చదువే చదివినదాన్ని. తెలిసీ కేకేశాను, ఆ తర్వాత ఆ రోజంతా ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

తొంభైల చివర్లో, నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లమా చదివే రోజుల్లో, వేసవిలో ఎక్కడో ఒకచోట ట్రైనింగ్ చేసి సర్టిఫికెట్ తేవాలనే నియమం ఉండేది. సిఫార్సు ఉన్నవాళ్లు పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో చేరి, యూనిఫారాలు వేసుకుని, మెషీన్ల పక్కన నిలబడి ఫొటోలు కూడా దిగారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా గారి అమ్మాయినైన నాకు అంత దారి లేదు. చివరికి నాన్నగారి ఆఫీసులో ఒకాయన, తన అన్నగారికి ఫలక్‌నుమా స్టేషను దగ్గర మానిటర్లు రిపేరు చేసే షాపుందని చెప్పి అక్కడ చేర్పించాడు. మొదటిరోజు నేను అలవాటు కొద్దీ పెదనాన్నగారూ అని పిలిస్తే ఆయన నవ్వి, "గారు గీరు ఎందుకు బిడ్డా, పెద్దబాపు అను సాలు" అన్నాడు. అప్పటినుంచి ఆయన నాకు పెద్దబాపు, ఆయన భార్య పెద్దమ్మ.

కింద షాపు, పైన ఇల్లు. షాపులో ఆయన కాక ఇంకొక్క మెకానిక్ ఉండేవాడు, అందరూ భాయ్ అనేవారు. నాకు గోడవైపు ఒక స్టూలు చూపించారు. సోల్డరింగ్ పొగ, పేస్టు వాసన, సందులో టిఫిను బండి నుంచి వచ్చే అట్లకాడ చప్పుడు, లోకల్ రైలు వెళ్లినప్పుడల్లా వణికే అద్దాలు... వారం తిరక్కుండా ఫొటోలు దిగిన స్నేహితురాళ్ల మీద అసూయ పోయింది. వాళ్లు మెషీన్లను చూసి వచ్చేవారు, నేను మాత్రం చేతులు కాల్చుకుంటూ పని నేర్చుకునేదాన్ని.

ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది. ఏ మానిటర్ విప్పినా ముందుగా స్క్రూడ్రైవరుకు తీగ చుట్టి, ఆ తీగ రెండో కొనను లోపలి ఇనుప చట్రానికి తగిలించి, ట్యూబు నెత్తిన ఉండే రబ్బరు టోపీ కిందకు ఆ స్క్రూడ్రైవరు దూర్చాలి. లోపల మిగిలిన కరెంటు టప్పుమని దిగిపోతుంది. ఇది ఎక్కడైనా చేసేదే. కానీ ఇక్కడ, అలా దించినవాళ్లు మేడమెట్ల వైపు తిరిగి "ఖాలీ!" అని గొంతెత్తి అరవాలి. నేను సిగ్గుపడి మెల్లగా అంటే పెద్దబాపు ఊరుకునేవాడు కాదు, మళ్లీ అరిపించేవాడు. ఆడపిల్లను, ఓల్డ్ సిటీ సందులో కూర్చుని కూరగాయల బండివాడిలా అరవడమేమిటని నాకు ఉక్రోషంగా ఉండేది. నెలల తరబడి మూలపడి వచ్చిన డబ్బాలకు కూడా అదే తంతు.

మధ్యాహ్నం అన్నం పైన పెద్దమ్మ దగ్గర. ఆవిడ చేతి పచ్చిపులుసు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. కానీ ఆ ఇంట్లో ఏదో బరువుండేది. ఎండలు మండిపోతున్నా నేను వెళ్లేసరికి ఆవిడ చెమటలు కక్కుతూ చీకటి గదిలో కూర్చుని ఉండేది. నన్ను చూడగానే, "జర ఫ్యాను ఎయ్యి బిడ్డా" అనేది. లైటు కూడా నేనే వేయాలి. చేయి చాపితే స్విచ్చి అందేంత దూరంలోనే ఆవిడ కూర్చునేది. ఒక్కోసారి ఆవిడ కిందికి దిగబోయి, గోడవైపు తిరిగి వంగి పని చేసుకుంటున్న నా వీపు చూసి, మెట్ల మధ్యలో ఆగిపోయేది. నేను తల తిప్పేలోగా వెనక్కి వెళ్లిపోయేది. వీపు మీద ఆ చూపు తగిలినట్టే ఉండేది నాకు.

ఒకరోజు పెద్దబాపు లేని సమయంలో, దుమ్ము కొట్టుకుపోయిన డబ్బా ఒకటి విప్పుతూ, ఇందులో కరెంటేముంటుంది, ఎందుకీ అరుపు అని భాయ్‌ని విసుక్కున్నాను. అతను పైకప్పు వైపొకసారి చూసి గొంతు తగ్గించాడు. "డబ్బా కోసం కాదు బెహన్. పైన అమ్మకు వినపడాలె" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. వాళ్లకు ఒక్కడే కొడుకు, అతనూ ఈ పనే. నేను కూర్చున్న స్టూలు అతనిది. అప్పట్లో బల్ల వెనక ప్లగ్గులన్నీ తీగల కుప్పలో కలిసిపోయి ఉండేవట. ఏది దేనిదో వెతికే బదులు, ఇంటికీ షాపుకీ కలిపి మెట్ల మలుపులో ఉన్న మెయిన్ స్విచ్చి దించేసి పని కానిచ్చుకోవడం అలవాటు. ఆ రోజూ అతను అలాగే దించి, మానిటర్‌లో చేయి పెట్టాడు. పైన పెద్దమ్మ నానబెట్టిన బియ్యం గ్రైండరులో పోసుకుని, కరెంటు లేకపోయేసరికి, స్విచ్చి దానంతటదే పడిపోయిందనుకుని వచ్చి ఎత్తింది. కింద కొడుకు ప్రాణం అక్కడికక్కడే పోయింది.

నమాజు నుంచి తిరిగొచ్చిన భాయ్, ఇంకా గోడకే ఉన్న ఆ మానిటర్ ప్లగ్గును తన చేత్తోనే పీకాడు. పెద్దబాపు అతని భుజం పట్టుకుని, ప్లగ్గు ముందే తీసి ఉందనీ, ట్యూబులో మిగిలిన కరెంటే కొట్టిందనీ ఎవరడిగినా అదే చెప్పమన్నాడు. ఆవిడకూ అదే చెప్పాడు. ఈ "ఖాలీ" అప్పుడు మొదలైంది. ప్లగ్గు తీసినా డబ్బాలో చావుంటుందని రోజూ ఆవిడ చెవిన పడాలని.

తర్వాత కొన్నాళ్లకు అన్నం వడ్డిస్తూ ఆవిడే అడిగింది. "ప్లగ్గు గుంజినంక గూడ అండ్ల కరెంటు ఉంటదా బిడ్డా?"

ఉంటుందన్నాను. అది నిజమే.

"మనిషి పానం తీసేటంత ఉంటదా?"

అది మనిషిని ఎగిరిపడేలా కొడుతుందే గానీ, ప్రాణం తీయడం అరుదని నేను చదువుకున్నాను. కంచంలోకి చూస్తూ, ఉంటుంది పెద్దమ్మా అన్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టింది. తర్వాత నా తల నిమిరింది.

"నీకు గూడ నేర్పిండా ముసలోడు" అంది. కోపం లేదు ఆ గొంతులో. "స్విచ్చి ఎత్తంగనే కింద సప్పుడు విన్న, నాకు ఎర్కలేదా? నేను నమ్మిననుకుంటేనే ఆయనకింత బువ్వ సయిస్తది. గందుకే నమ్మినట్టుంటున్న. ఆయనకు చెప్పకు."

కిందికి దిగి వచ్చాను గానీ, మళ్లీ ఆ స్టూలు మీద కూర్చోలేకపోయాను. తలనొప్పని చెప్పి ఇంటికి వచ్చేశాను.

ట్రైనింగ్ ముగిసిన రోజు సర్టిఫికెట్ మీద సంతకం చేస్తూ పెద్దబాపు తల ఎత్తకుండానే, మీ పెద్దమ్మ ఏమన్నా అడిగిందా అన్నాడు. అడిగిందనీ, ఉంటుందనే చెప్పాననీ అన్నాను. పెన్ను ఆగిపోయింది. "నమ్మిందా బిడ్డా?" అన్నాడు. పెద్ద మనిషి, అంత దీనంగా నన్నెవరూ ఏదీ అడగలేదు. నమ్మింది పెద్దబాపూ అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు.

వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. అటు వెళ్లి చూస్తే ఆ చోట సెల్‌ఫోన్ల షాపుంది, పాడైన బోర్డు తీసి కొత్తది పెట్టి నిమిషాల్లో పంపిస్తున్నారు, లోపల ఏం జరిగిందో తెలుసుకునే తీరిక ఎవరికీ లేదు. మా అమ్మాయి, భార్యాభర్తలన్నాక ఏదున్నా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడేసుకోవాలంటుంది. వాళ్ల తరం అలాగే చేస్తోంది, అదే మంచిదేమో కూడా. మన తరానికి ముందు తరంవాళ్లకు అది చేతకాలేదు. ఆ ఇద్దరూ అన్నేళ్లూ ఒకరినొకరు కాపాడుకున్నారో, ఒకరినొకరు ఒంటరిని చేసుకున్నారో నాకు ఈ వయసులోనూ తేలడం లేదు. ఆ రోజు నేను "లేదు పెద్దబాపూ, ఆవిడకు తెలుసు" అని ఉంటే, ఆయన మేడ మీదికి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని ఒక్కసారైనా ఏడ్చి ఉండేవాడేమో.