కిటికీ తెరిచిన టికెట్టక్క

చిత్రశాలకు ప్రవేశం ఉచితం చేసిన రోజు ఊరంతా చప్పట్లు కొట్టింది, టికెట్టక్క తప్ప. ఆవిడ అప్పటిదాకా గుమ్మం పక్క కిటికీలో కూర్చుని టికెట్లు చింపి ఇచ్చేది. "పెద్దవాళ్ళెందరు, పిల్లలెందరు?" అని అడిగేటప్పుడు ఆవిడ మొహంలో న్యాయమూర్తి గాంభీర్యం ఉట్టిపడేది. ఇక అడగడానికేమీ లేకపోయింది. డైరెక్టరుగారు కిటికీ మూయించి, నెలాఖరు నుంచి వెనక గోదాములో చెక్కపెట్టెలకు కాపలా ఉండాలని మర్యాదగా సెలవిచ్చారు.

"నువ్వు మాట్లాడకుండా ఉండలేవు, అవి పారిపోలేవు. పాపం పెట్టెలు!" అన్నాడు ఇంట్లో మొగుడు.

ఆవిడ నవ్వలేదు. రోజూ పదిమంది మొహాలు చూడకపోతే తిన్నది అరగని మనిషి.

ఇంతలో ఓ వింత జరిగింది. డబ్బులక్కర్లేదన్నాక జనం రావడం తగ్గింది. వచ్చినవాళ్ళు మూసిన కిటికీ చూసి, ఇవాళ సెలవు కాబోలనుకుని మెట్లు దిగిపోతున్నారు. పక్కనే తలుపు బార్లా తెరిచి ఉంది. కానీ టికెట్టు లేకుండా లోపలికి దూరడానికి పరువుగలవాళ్ళకు కాళ్ళు రావు. "ప్రవేశం ఉచితం" అన్న పెద్ద బోర్డు వాళ్ళను మరింత భయపెట్టింది.

"ఊరికే ఎందుకు చూపిస్తారు వదినా? లోపలికెళ్ళాక ఏదో ఒకటి అంటగడతారు, పద," అంటూ ఒకావిడ తోడొచ్చినావిణ్ణి చెయ్యి పట్టి వెనక్కి లాక్కుపోయింది.

ఆ మాట మూసిన కిటికీ వెనక ఊరికే కూర్చున్న టికెట్టక్క చెవిన పడింది. మర్నాడు ఎవరినీ అడక్కుండా కిటికీ తెరిచి, సొరుగులో మిగిలిన పాత టికెట్ల కట్ట తీసి, ధర మీద అడ్డంగా గీత కొట్టి కూర్చుంది.

"పెద్దవాళ్ళెందరు?"

"ఇద్దరం. ఎంతమ్మా?"

"ఏమీ లేదు. ఇది జాగ్రత్తగా పట్టుకోండి. ఎడమచేతి గదిలో గొడుగు ముసలాయన బొమ్మ ఉంది. ఆయన్ని పలకరించకుండా రాకండేం!"

కాగితం ముక్క చేతిలో పడగానే వాళ్ళ నడకే మారిపోయింది. వియ్యాలవారింటికి పిలుపు మీద వెళ్తున్నట్టు తలెత్తుకుని వెళ్ళారు.

నెలాఖరున గోదాము తాళాలు పట్టుకుని డైరెక్టరుగారు వచ్చేసరికి కిటికీ ముందు వరుస ఉంది. వరుస కనిపిస్తే చివర నిలబడడం ఆయన చిన్ననాటి అలవాటు. నిలబడ్డారు.

"పెద్దవాళ్ళెందరు?"

"ఒక్కణ్ణే," అనేశారు.

టికెట్టు చేతిలో పడ్డాక తేరుకున్నారు. "ఇదేమిటమ్మా? ఉచితమే కదా!"

"ఉచితమేనండీ. అలాగని చేతులూపుకుంటూ ఎలా వెళ్తారు?"

"తీసుకున్నారుగా పెద్దాయనా, జరగండి!" అన్నారెవరో వెనకనుంచి.

ఆయన జరిగారు. ఎటూ వచ్చారు కనుక గొడుగు ముసలాయన్నీ పలకరించి వచ్చారు. అప్పటికీ వరుస తగ్గలేదు.

"కట్ట అయిపోవచ్చిందండీ," అంది ఆవిడ, ఆయన చేతిలోని తాళాలకేసి చూడకుండా.

ఆయన తాళాలు జేబులో వేసుకున్నారు. "కొత్తవి వేయిద్దాం. ధర ఉన్నచోట 'ఉచితం' అని..."

"ఆ మాట మాత్రం వద్దండీ, మళ్ళీ పారిపోతారు. గొడుగాయన బొమ్మ వేయించండి."

అలాగే వేయించారు. గోదాములో పెట్టెలు ఈనాటికీ కాపలా లేకుండా, ప్రశాంతంగా ఉన్నాయి.