తెల్ల చేప అసలు రంగు

దేశ రాజధాని శివారు ద్వారకలోని మా ఫ్లాట్‌లో అక్వేరియం మా అమ్మాయిది. ఒక ఆదివారం పొద్దున అందులోని తెల్ల గోల్డ్‌ఫిష్ తిండి ముట్టకుండా మూలకు చేరింది. నోయిడాలో చేపలకు వైద్యం చేసే డాక్టరుగారికి ఫోటో పంపాను. తొట్టి మూతకున్న ఊదా లైటు వల్ల చేప మొత్తం గులాబీ రంగులో పడింది.

ఆయన వెంటనే ఫోన్ చేశారు. "ఇందులో ఏమీ తెలియట్లేదు మేడమ్. ఎర్రచారలుంటే ప్రమాదం. అసలు రంగు కనపడేలా తీయండి."

ఊదా లైటు ఆర్పేశాను. హాలు బల్బు వెలుగులో చేప పసుపుపచ్చగా కనిపించింది. ఫ్లాష్ వేస్తే బెదిరి అక్కడికక్కడే చచ్చిపోతుందేమోనని భయమేసింది. చివరికి అమ్మాయి చదువుకునే తెల్లటి టేబుల్ లైటు తెచ్చి తొట్టిపైన పట్టుకున్నాను. అద్దానికి తెల్లకాగితం ఆనించి, అది ఫోన్‌లో కూడా తెల్లగానే ఉందని చూసుకున్నాను. ఒంటిచేత్తో ఫోన్ పట్టి తీస్తే మూడు ఫోటోలు చెదిరాయి.

నాలుగోది స్పష్టంగా వచ్చింది. తోక నిండా సన్నటి ఎర్రచారలు.

"మమ్మీ, మర్ జాయేగీ క్యా?" అంటూ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. చచ్చిపోతుందా అని తను అడుగుతుండగానే ఆ ఫోటో డాక్టరుగారికి పంపాను.

"నీళ్లు పాడయ్యాయి. ఇప్పుడే సగం మార్చండి, రోజూ కొంత మార్చండి," అన్నారు డాక్టరుగారు. ఆ పని రెండు వారాలుగా వాయిదా వేస్తున్నది నేనే. అమ్మాయికి ఆ మాట చెప్పలేదు.

వారం రోజులు పొద్దున్నే అదే లైటు పట్టి ఫోటో తీసేదాన్ని. ఎనిమిదో రోజు తోక తెల్లగా కనిపించింది. నమ్మలేక మళ్లీ తీశాను.