నిద్రలో చెప్పిన కొలతలు

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. పాతికేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో ఒక్క గది టైలర్ షాపు నడుపుతున్నాం. పెళ్లి ముందురోజు గుడ్డ తెచ్చి, జాకెట్ ఇప్పుడే కావాలని కుర్చీ వేసుకుని కూర్చునే ఆడవాళ్లను చూసినదాన్ని, నాకు దెయ్యం ఒక లెక్కా? కానీ నిరుడు జరిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మా ఆయన లేడీస్ టైలర్. కటింగు, కుట్టు ఆయనవి, హుక్కులు, చేతికుట్టు నావి. కొన్నేళ్లుగా ఆయన తెల్లవారుజామున నిద్రలో కాళ్లు ఆడిస్తున్నాడు, అచ్చం మిషన్ తొక్కినట్టే. దెబ్బలు నా పిక్కలకు. తొక్కితే తొక్కావు, రెండు జాకెట్లన్నా కుట్టరాదా అని పొద్దున దెప్పేదాన్ని. ఆయనకేమీ గుర్తుండేది కాదు.

ఓసారి ఇస్త్రీపెట్టె కింద పట్టుగుడ్డ మాడిపోతోంది. పక్కనే కూర్చున్న ఆయనకు వాసనే తెలియలేదు. కస్టమర్ ముందే నానా మాటలన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నిరుడు ఆయన కుడిచెయ్యి మందగించింది. గుడ్డ మధ్యలో కత్తెర ఆగిపోయేది. కొలతల పుస్తకంలో ఆయన అంకెలు రానురాను చీమల్లా చిన్నవైపోయాయి. గొంతు కూడా తగ్గి, పక్కనున్న నాకే వినిపించేది కాదు. అదే మనిషి నిద్రలో మాత్రం గల్లీ చివరికి వినపడే పాత గొంతుతో మాట్లాడేవాడు.

మేముండేది మన్సూరాబాద్‌లో, కిరాయి ఇల్లు. కింద ఉండే ఓనరమ్మది తెనాలి. ఆ గొంతు విని, గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించమంది. కట్టించాను కూడా. నమ్మకం లేకపోయినా భయం ఉంటుంది కదా.

చివరికి ఎల్బీనగర్‌లో నరాల డాక్టరమ్మకు చూపించాను. ఆమె ఆయన్ని నడిపించింది, వేళ్లు ఆడించమంది, తర్వాత నిద్ర గురించి, వాసన గురించి అడిగింది. కల వచ్చేటప్పుడు ఒళ్లు కదలకుండా మెదడే తాళం వేస్తుందట, ఈయనకు ఆ తాళం వదులైందట. కదలికకు కావాల్సిన డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోతున్నాయని, ఇది పార్కిన్సన్స్ మొదటి దశ అని చెప్పింది. చాలామందికి నిద్ర, వాసన ఏళ్ల ముందే చెడతాయట.

"గాలీ లేదు, ధూళీ లేదమ్మా. మందులతో చాలామంది ఏళ్ల తరబడి పని చేసుకుంటున్నారు" అంది. నిద్రలో ఏం చేస్తాడో, ఏమంటాడో రాసి తెమ్మంది.

ఆయనకు మాత్రం ధైర్యం రాలేదు. మందులు మొదలుపెట్టిన వారానికే మిషన్ అమ్మేద్దామన్నాడు. ఆ మిషన్ పోతే మనిషి మిగలడని నాకు తెలుసు. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఆ ఆదివారం తెల్లారకముందే ఆయన చేతులు టేపు పట్టుకున్నట్టు గాల్లోకి లేచాయి, నిద్రలోనే కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ చెప్పింది కదా అని క్యాలెండర్ కాగితం వెనక రాశాను. పొడవు పద్నాలుగున్నర. ఛాతీ ముప్పై ఎనిమిది. నడుము ముప్పై మూడు. ఎడమ భుజం అర ఇంచు కిందికి. ఆ తర్వాత పాత గొంతుతో, "తొందరేం లేదు గదమ్మా? నేనే కుడ్త" అన్నాడు.

బుధవారం మీర్‌పేట్ నుంచి ఒకామె వచ్చింది. మా షాపుకు రావడం అదే మొదలు. కూతురి సీమంతానికి తనకు జాకెట్ కావాలంది. టేపు నేనే పట్టాను. పద్నాలుగున్నర. ముప్పై ఎనిమిది. ముప్పై మూడు రాగానే క్యాలెండర్ కాగితం గుర్తొచ్చింది. భుజాలు చూడాలంటే భయమేసింది. చూశాను. ఎడమది అర ఇంచు కిందికి ఉంది. పొరపాటేమోనని మళ్లీ కొలిచాను, అంతే వచ్చింది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడి ఎముక విరిగిందని, ఎవరు కుట్టినా జాకెట్ ఆ వైపు జారిపోతుందని ఆమే చెప్పింది.

కాగితం సంగతి అప్పటికి ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన చెయ్యి బాగాలేదు, పక్క షాపుకు వెళ్లమని చెబుదామనుకుని నోరు తెరిచాను. అప్పటిదాకా స్టూలు మీద తల వంచుకుని కూర్చున్న మనిషి లేచి, ఆమె చేతిలోని గుడ్డ అందుకున్నాడు. గొంతు సన్నదే, మాట మాత్రం అదే.

"తొందరేం లేదు గదమ్మా? నేనే కుడ్త."

ఒక్కపూట పనికి నాలుగు రోజులు పట్టింది. జాకెట్ మాత్రం భుజం మీంచి జారలేదు. ఆమె అద్దం ముందు ఎడమ చెయ్యి ఎత్తి దించి చూసుకుంటుంటే ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

పాత కొలతల పుస్తకాలన్నీ తిరగేశాను. ఆమె ఎక్కడా లేదు. డాక్టరమ్మకు కాగితం చూపిస్తే, కాళ్లు ఎందుకు ఆడాయో చెప్పగలను గానీ, ఆ భుజం ఎలా తెలిసిందో నాకు తెలియదమ్మా అంది. నాకూ తెలియదు.

మిషన్ అమ్మలేదు. మందులకు చెయ్యి కాస్త తేరుకుంది, రోజుకో జాకెట్ కుడుతున్నాడు. నేలమీద పరుపు వేసుకుని, మధ్యలో దిండు పెట్టుకుని పడుకుంటున్నాం. నిద్రలో కొలతలు చెబితే ఇప్పటికీ రాసుకుంటాను.

మొన్న శనివారం ఇంకొకరివి చెప్పాడు. ఆమె ఇంకా రాలేదు. షాపు మాత్రం పొద్దున పదింటికల్లా తీస్తున్నాం.