పాస్ బావ సెలవులు

టైల్స్ ఫ్యాక్టరీలో ఒక్కో టైలునీ వేలితో తట్టి, మోత విని, పాస్ అనో రిజెక్ట్ అనో చెప్పడం ఆయన ఉద్యోగం. అందుకే బామ్మర్ది ఆయన్ని పాస్ బావ అంటాడు. ఫ్యాక్టరీకి సెలవులిచ్చిన వారం, ఆ బామ్మర్దే తన గేమ్ కన్సోల్, సంచీ నిండా గేములూ తెచ్చి టీవీకి తగిలించాడు.

"ఏది బాగుందో ఆడి చెప్పు బావా. బాగోలేనివి అమ్మేస్తా."

ఆయన సోఫాకి అతుక్కుపోయాడు. కార్ల పందెంలో అందరూ దూసుకుపోతుంటే, ఈయన కారు పక్కకి ఆపి సొరంగం గోడ చూస్తూ కూర్చున్నాడు.

"ఇక్కడ అతుకు కనబడుతోంది. రిజెక్ట్."

యుద్ధం ఆటలో కోట నేలని పరీక్షిస్తూ చచ్చాడు. మళ్లీ లేచి, మళ్లీ నేల చూస్తూనే చచ్చాడు. చంపినవాళ్లకే విసుగొచ్చి ఉంటుంది గానీ ఈయనకి రాలేదు.

"నేల శుభ్రంగా ఉంది. పాస్."

సెలవుల ఆఖరి సాయంత్రం భార్య టీ గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చుంది.

"వారమంతా ఆడారు కదా, ఒక్కటైనా నచ్చిందా?"

ఆయన టీవీ వైపే చూస్తూ టీ అంతా తాగాడు. ఖాళీ గ్లాసుని అలవాటుగా వేలితో తట్టి, మోత విన్నాడు.

"నచ్చడం మా సెక్షన్ కాదే," అన్నాడు.