గుర్రాల రాయి దగ్గర నా పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో పర్మనెంటు కాని ఉద్యోగికి పిల్లనివ్వడమంటే, గోడల్లేని ఇంటికి తలుపు చేయించడంలాగే చూసేవారు పెద్దవాళ్ళు. నేను నల్లపాడు స్టేషనుకి దగ్గర్లో ఓ హైస్కూల్లో తాత్కాలిక డ్రిల్లు మేస్టర్ని. అప్పటికే ముగ్గురు ఆడపిల్లల తండ్రులు నా ఉద్యోగం సంగతి విని, ఇచ్చిన మజ్జిగైనా పూర్తిగా తాగకుండా వెళ్ళిపోయారు. నాలుగో ఆయన మా అమ్మకి దూరపు వరసలో అన్నయ్య, అంటే నాకు మామయ్య. పోలీసుల్లో గుర్రపు దళంలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన కూతుర్ని నేను ఓ పెళ్ళిలో చూశాను. (ఆవిడ నన్ను చూసిందో లేదో తెలియదు. చూడనట్టు ఉండడంలో ఇప్పటికీ ఆవిడకి సాటి లేదు.) ఈ సంబంధం తప్పిపోతే ఇక నా బతుకింతే అనుకున్నాను. మామయ్యేమో, కుర్రాడిలో దమ్ముందో లేదో స్వయంగా వచ్చి చూస్తానని కబురు పెట్టాడు.

మా బడి వెనక మిరపచేల మధ్య గుర్రాల రాయి ఉండేది. ఎప్పుడో తెల్లవాళ్ళ కాలంలో అక్కడ జరిగిన యుద్ధంలో ఓ గుర్రపు దళం దళమంతా నేలకూలితే, వాళ్ళ జ్ఞాపకార్థం నిలబెట్టిన స్తంభం అది. దాని రాతి అరుగు మీద మిరపకాయలు ఎండబోసుకోవడం తప్ప మేమెవరమూ ఆ వీరుల్ని తలుచుకున్న పాపాన పోలేదు. ఆ ఏడు మా పెసిడెంటు గారికి (చాటుగా అందరూ చుట్టాయన అనేవారు, ఉపన్యాసమిచ్చేటప్పుడే నోట్లోంచి చుట్ట తీసేవారు) నివాళి సభ జరపాలనిపించింది. గుర్రపు దళానికి గుర్రం లేని నివాళేమిటన్నారు. ఊరు మొత్తానికి ఉన్న గుర్రం జట్కా తాతది ఒక్కటే. మరి రౌతు ఎవరంటే అందరూ డ్రిల్లు మేస్టారి వైపు చూశారు. నాకు సైకిలు దిగడమే సరిగా రాదు. కానీ మామయ్య వచ్చేదీ ఆ రోజే కనక, ఛాతీ విరుచుకుని ఒప్పేసుకున్నాను.

జట్కా తాత మాత్రం నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. “మేస్టారూ, రైలు కూత ఇనబడితే దీనికి స్టేషను తప్ప ఇంకేం కనబడదు. పొద్దుటి పాసింజరు ఎళ్ళాకే ఎక్కండి.” మామయ్య దిగేదీ ఆ పాసింజర్లోనే. అందుకే సభ దాని తర్వాతకి పెట్టించాను. లెక్కంతా కుదిరింది గాని, ఆ రోజు బండి ఆలస్యమైంది. కాసేపు ఆగుదామని గొణిగాను. ఎండెక్కితే జనం నిలవరని పెసిడెంటు గారు మొదలుపెట్టేశారు.

తలపాగాతో, బడి నాటకాల చెక్క కత్తితో నేను గుర్రం మీద ఉన్నాను. “ఈ వీరుల్లో ఒక్కడంటే ఒక్కడు వెనుదిరగలేదు” అంటూ పెసిడెంటు గారు గొంతు పెంచేసరికి దూరంగా కూత వినిపించింది. మా గుర్రమూ వెనుదిరగలేదు. గట్లు దూకి చేలకడ్డం పడి పరిగెత్తింది. కత్తి ఒకచోట, చెప్పులు ఇంకోచోట పడిపోయాయి. నేను రెండు చేతులా జూలు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కాయలు కోస్తున్న ఓ ఆవిడ, పెళ్ళికేమన్నా ఆలస్యమైందా అయ్యా అని అడగడం మాత్రం వినబడింది. గుర్రం స్టేషను బయట తన మామూలు చోట ఆగి తోక ఊపింది. నేను కళ్ళు తెరిచేసరికి బండి దిగినవాళ్ళు నా వెనకాల జట్కా కోసం వెతుక్కుంటున్నారు. వాళ్ళలో మామయ్య ఉన్నాడు.

ఆయన గుర్రాన్నీ నన్నూ ఎగాదిగా చూసి, నాకు చెయ్యి అందించి దింపాడు. కళ్ళెం పట్టుకుని రాయి దాకా నడిచాడు. అక్కడ నవ్వడానికి సిద్ధంగా ఉన్న జనాన్ని పట్టించుకోకుండా, నిటారుగా నిలబడి స్తంభానికి సెల్యూట్ కొట్టాడు. జనమంతా లేచి నిలబడ్డారు. సాయంత్రం మా అమ్మతో ముహూర్తాల మాట ఎత్తాడు. అల్లుడు గుర్రమెక్కి మరీ స్టేషనుకి ఎదురొచ్చాడని ఊరంతా చెప్పుకున్నాడు. నేనూ, పాపం మామయ్య నమ్మేశాడని చాలా ఏళ్ళు సంతోషపడ్డాను.

మా రెండోవాడు పుట్టినప్పుడు, ఆ రోజు నిజంగానే నమ్మారా అని ఉండబట్టలేక అడిగేశాను. ఆయన నవ్వాడు. “గుర్రం నిన్ను తెచ్చిందో, నువ్వు గుర్రాన్ని తెచ్చావో నాకు తెలవదా అల్లుడూ? కళ్ళు కూడా మూసుకున్నావు. అయినా పడలా. స్వారీ నేర్చినోళ్ళని చాలామందిని చూశా. నా పిల్లకి కావాల్సింది పట్టు వదలనోడు.”

ఆ తర్వాత కాపురం నన్ను ఏ గట్లు దూకించిందో, ఏ చేలల్లోంచి ఈడ్చుకెళ్ళిందో చెబితే మీరు నమ్మరు. చాలాసార్లు కళ్ళు మూసుకునే ఉన్నాను. చేతులు మాత్రం వదల్లేదు. ఆ తలపాగా కుర్రాడు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. నవ్వాక, పాపం వాడిమీద కాస్త ముద్దు కూడా వస్తుంది.