తిమ్మరాయప్ప దించిన లాంతరు

డెంకణికోట చుట్టుపక్కల బావి తవ్వాలన్నా, పాత బావిలో పూడిక తీయాలన్నా తిమ్మరాయప్పకే కబురొచ్చేది. ఆయన తవ్విన ప్రతి బావిలోనూ నీళ్లు పడ్డాయంటే అది కోతలే. బండ తగిలి వదిలేసినవీ ఉన్నాయి. కానీ ఆయన దింపిన మనిషి ప్రాణంతో పైకి రాకపోవడం మాత్రం ఎన్నడూ లేదు. పాత బావుల్లో చెడ్డగాలి ఉంటుంది. అందుకని ముందు లాంతరు వెలిగించి, తాడు కట్టి లోపలికి దించేవాడు. అది ఆరిపోతే ఆ రోజుకు పని బంద్. బావిగలవాళ్లు ఎంత అరిచినా వినేవాడు కాదు.

"కూలి పోతే రేపొస్తాదప్పా, మనిషి పోతే వస్తాడా?" అనేవాడు.

దిగేది ఎప్పుడూ తమ్ముడు అంజినప్పే. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది తిమ్మరాయప్పే. "నీ తమ్ముడు గాదు, నీ పెద్దకొడుకు" అని పెళ్లాం మారక్క ఎగతాళి చేస్తే మురిసిపోయేవాడు.

ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో రైతు సుబ్బరాయప్ప ఇంటి నుంచి పిలుపొచ్చింది. ఆయన పెరట్లో గోబర్ గ్యాస్ గొయ్యి ఉంది. భూమిలో ఇటుకలతో గుమ్మటం కట్టి, పేడనీళ్లు పోస్తే లోపల గ్యాసు నిలుస్తుంది, గొట్టం గుండా వంటింటికి వస్తుంది. నిలవాలి గానీ నిలవడం లేదు. లోపలి పూత బీటలు వారి, గ్యాసు చాలామటుకు ఇటుకల్లోంచి మట్టిలోకి జారిపోతోంది. సుబ్బరాయప్ప భార్య పుట్టమ్మ మళ్లీ కట్టెల పొయ్యి ఊదుకుంటూ మొగుణ్ణి దెప్పుతోంది. గొయ్యి ఖాళీ చేసి, లోపలికి దిగి సిమెంటు పూయాలి.

"లోపల గ్యాసుంటాది. నిప్పు దగ్గరికి రానీయొద్దప్పా" అని సుబ్బరాయప్ప ముందే చెప్పాడు.

తిమ్మరాయప్ప ఆ మాట పెడచెవిన పెట్టలేదు. తమ్ముడి చెవి మీది బీడీ లాగి పారేశాడు. పుట్టమ్మ చేత పొయ్యి ఆర్పించాడు. పక్కనున్న బయటి తొట్టిలోంచి పేడనీళ్లు తోడేశారు, గుమ్మటం నెత్తిన బంకమట్టితో బిగించిన మూత తీశారు. అంజినప్ప అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు.

అప్పుడు తిమ్మరాయప్ప లాంతరు వెలిగించి తెచ్చాడు.

ఆయన లెక్కలో బీడీ నిప్పు. లాంతరు నిప్పు కాదు, తమ్ముడికి కాపలా. అదీ నిప్పేనని ఆ పిచ్చి మనిషికి తట్టలేదు. పక్కనే నిలబడ్డ సుబ్బరాయప్పకూ తట్టలేదు. లాంతరు గొయ్యి మూతి దాటిందో లేదో, మంట భగ్గుమని పైకి లేచింది.

హోసూరులో చూసి, కృష్ణగిరి పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ ఒళ్లంతా కాలిన అంజినప్పను అరిటాకుల మీద పడుకోబెట్టారు. తిమ్మరాయప్పకు చేతులు కమిలాయి, అంతే.

"నీ తప్పేముండాది? వాని మేలుకే గదా దించినావు" అంది మారక్క. ఆ 'మేలుకే' అన్న మాటే ఆయన్ను కోసేసింది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దెక్కాక అంజినప్పకు కాస్త తెలివొచ్చింది. మనసు మాత్రం ఇంకా గొయ్యి అంచునే ఉంది.

"అన్నా, దీపం ఆరిపోలేదు గదా?"

"లేదప్పా."

"అట్లయితే గాలి మంచిదే. దిగేదా?"

తిమ్మరాయప్ప మారక్క వైపు చూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. ఆయన తమ్ముడి ముఖం మీదికి వంగాడు.

"దిగు నాయనా, మెల్లగా దిగు. నేను పైనే ఉండాను" అన్నాడు.