ఆఖరి రెండు బెడ్లు

మా అక్క హాస్టల్‌ను తెరిచీ తెరవకముందే మూయించబోయిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, పర్వాలేదు.

చైతన్యపురి మెయిన్ రోడ్డు వెనక సందులో అక్క ఒక బిల్డింగ్ కిరాయికి తీసుకుని అమ్మాయిల హాస్టల్ పెట్టింది. కోచింగ్ క్లాసులు మొదలయ్యేలోగా గదులు నిండకపోతే బిల్డింగ్ వదులుకోవాల్సిందే. అప్పటికి ఒక్క అమ్మాయీ చేరలేదు. నేనేమో జనాన్ని రాతతో ఎలా ఒప్పించాలో నేర్పే వీడియోలు వరసపెట్టి చూసి, కొత్తగా ఈత నేర్చినవాడిలా ఎక్కడ నీళ్లు కనిపిస్తే అక్కడ దూకడానికి సిద్ధంగా ఉన్నాను. కొంచెమే మిగిలిందంటే జనం ఎగబడతారని అందులో ఒక సూత్రం. ఇంకేం, అక్కను అడక్కుండా గేటుకు నల్లబోర్డు తగిలించి సుద్దముక్కతో రాసేశాను: "ఆఖరి రెండు బెడ్లు! త్వరపడండి!"

మర్నాడు పొద్దున్నే నలుగురు అమ్మాయిలు, వాళ్లలో ఒకరి తల్లి, ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సు దిగి ఆటోలో వచ్చారు. సంచులు, బకెట్లు, పచ్చడి సీసాలు. ఆ తల్లి బోర్డు చదివి, "నలుగురు ఒక్క ఊరోళ్లు. ఇద్దర్ని ఈడ, ఇద్దర్ని ఇంకోకాడ ఎట్ల ఉంచుత? పోదాం పాండ్రి" అంది.

నేను ఆటోకు అడ్డంగా నిలబడ్డాను. "అమ్మా, జర ఆగుండ్రి! బిల్డింగ్ మొత్తం ఖాళీనే!"

"మరి గట్లెందుకు రాసినవ్?"

"అది టెక్నిక్ అమ్మా."

"టెక్నికా? రేపు పప్పుల నీళ్లు పోసి గది గూడ టెక్నిక్ అంటవా?"

ఆటో మళ్లీ స్టార్టయింది. చప్పుడుకు కిందికి వచ్చిన అక్క బోర్డు చూసింది, నన్ను చూసింది. చున్నీ కొంగుతో నా రాత తుడిచి, తను రాసింది: "గదులన్నీ ఖాళీ. కొత్తగ తెరిచినం. పిల్లకు జ్వరమొస్తే నా రూంల పండబెట్టుకుంట. అన్నం తిని చూసి పోండ్రి."

ఆ తల్లి ఆటోలోంచే చదివింది. "జ్వరమొస్తే నిజంగ చూస్తవా బిడ్డా?"

"చూస్త. మా తమ్మునికి టైఫాయిడ్ అయితే చూసింది నేనే."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "గీయన్నే సాకినవంటే మా పిల్లలెంత!" అంటూ బకెట్ దించింది.

నేను జనంచేత ఏం చేయించాలా అని తలబద్దలు కొట్టుకుంటే, అక్క ఆ తల్లి భయమేమిటో ఆలోచించింది. ఆ నాలుగు ముక్కలు తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటే. ఆ నలుగురి స్నేహితురాళ్లతో వారం తిరక్కుండా హాస్టల్ నిండింది.

ఆ మొదటిరోజు పిల్లల్ని దింపి వెళ్లేముందు ఆ తల్లి అక్కను అడిగింది: "తమ్మునికి పెండ్లయిందా?"

"ఇంక కాలే. సంబంధాలు చూస్తున్నం."

"వివరాలు నువ్వే రాయి బిడ్డా. ఆయన చేతికియ్యకు."

గేటు మీద చెయ్యేసి, ఈ జన్మలో మళ్లీ ప్రకటన రాయనని అక్కడికక్కడే ప్రమాణం చేశాను. పెళ్లి వివరాలు అక్కే రాసింది. మొదటి వాక్యం ఇదీ: "పిలగాడు మంచోడు, ఇప్పుడు బోర్డులు రాస్తలేడు."